కాటా మీద బరువు మారితే బిల్లు మారొద్దా?

ఎమ్‌వీవీఎమ్ రాసేవాళ్ళు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. మా చింతలపూడి మామిడి లెక్కే తీసుకోండి. బిల్లు ఆబ్జెక్టులో లాట్ అనే ఇంకో ఆబ్జెక్టు. ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్డ్ రాసుంటే, లాట్‌లో బంగినపల్లి బరువు మార్చగానే డబ్ల్యూపీఎఫ్ ఆ గడిని మారుస్తుంది. బిల్లు లెక్కగట్టే 'మొత్తం' మాత్రం కదలదు. తెర మీద పాత అంకె, రైతు చేతికి తప్పు డబ్బు!

కొందరు ప్రాపర్టీ పేరు ఖాళీగా పంపి అన్నీ మళ్ళీ చదివిస్తారు. ఇంకొందరు లాట్‌కే బిల్లు సంగతి చెప్పేస్తారు. కాయకి తోట పద్దులెందుకండీ? బిల్లే లాట్ ఈవెంట్ వినాలి, బరువో ధరో మారితే 'మొత్తం' మారిందని తనే చెప్పాలి. లాట్ మార్చినప్పుడు పాతదాన్ని వినడం మానెయ్యాలి. లేదంటే ఆ పాత లాట్ ఉన్నన్నాళ్ళూ బిల్లు కూడా మెమరీలో వేలాడుతుంది.

ఎవరు లెక్కగడితే వాళ్ళే కబురు చెప్పాలి. మీరేమంటారు?