ముద్ర ఉంగరం ఎక్కడ దాచాలి?

పిల్లలూ! ఈ నెల ఒక చెల్లాయి ఇట్లా రాసింది:

"మా అక్కయ్య బడి లైబ్రరీ కోసం ఒక వెబ్‌సైటు తయారుచేసింది. పుస్తకాల అట్టల ఫొటోలన్నీ అమెజాన్ వారి క్లౌడులో దాచింది. ఇంట్లో కంప్యూటరు మీద అంతా బాగానే పనిచేసింది. తీరా అందరూ చూడటానికి వేరే కంప్యూటరుకు ఎక్కిస్తే, 'తాళం చెవి దొరకలేదు' అని ఆగిపోయింది. ఆ తాళం చెవిని ప్రోగ్రాములోనే రాసేస్తే సరి అంటున్నది ఆమె స్నేహితురాలు. రాయవచ్చునా?"

రాయకూడదు. ఎందుకో చెబుతాను.

క్లౌడు అంటే మబ్బు. కాని అక్కడ మబ్బేమీ లేదు. పెద్ద పెద్ద భవనాలలో బారులు తీరిన వేలాది కంప్యూటర్లకే ఆ పేరు. వాటిని అద్దెకిస్తారు. అమెజాన్ వారు 2006లో ఎస్3 అనే గిడ్డంగి తెరిచారు. అడిగిన ప్రతివాడికీ అందులోని సరుకు ఇవ్వకూడదు గదా! అందుకని ప్రోగ్రాముకు రెండు వస్తువులు ఇస్తారు. ఒకటి 20 అక్షరాల గుర్తింపు పేరు. రెండోది 40 అక్షరాల రహస్యం.

దీన్ని తాళం చెవి అంటారు గాని, నిజానికిది రాజుగారి ముద్ర ఉంగరం వంటిది. రాజుగారు లేఖతో ఉంగరాన్ని పంపడు, దాని ముద్ర మాత్రమే వేసి పంపుతాడు. ప్రోగ్రాము కూడా రహస్యాన్ని పంపదు. తాను అడిగే విషయమూ, అడిగిన వేళా, ఆ రహస్యమూ కలిపి లెక్కకట్టి ఒక ముద్ర తయారుచేస్తుంది. గిడ్డంగి దగ్గర కూడా అదే రహస్యం ఉంటుంది. అదీ లెక్కకట్టి, రెండు ముద్రలూ కలిస్తేనే సరుకు ఇస్తుంది. ఒక్క అక్షరం తప్పినా ముద్ర కలవదు. కంప్యూటరు గడియారం 15 నిమిషాలకు మించి తేడాగా ఉన్నా ఎస్3 ఒప్పుకోదు.

కనక, పని ఆగినప్పుడు ముందు కంప్యూటరు చెప్పే మాట శ్రద్ధగా చదవాలి. "ముద్ర కలవలేదు" అంటే సాధారణంగా రహస్యం తప్పుగా ఎక్కిందన్నమాట. "గడువు తీరింది" అంటే అది కొంతకాలానికే ఇచ్చిన ఉంగరం. "అనుమతి లేదు" అంటే ఉంగరం మంచిదే. ఆ గది తలుపు తీసే హక్కు మాత్రం లేదు. అప్పుడు ఉంగరం మార్చి లాభంలేదు, యజమాని అనుమతి ఇవ్వాలి.

అక్కయ్యకు వచ్చింది "దొరకలేదు" అన్న మాట. ఇంటి కంప్యూటరులో ఉంగరం ఒక విడి ఫైలులో ఉన్నది. ప్రోగ్రాము తనంతట తానే అక్కడ వెతికి తీసుకున్నది. కొత్త కంప్యూటరుకు ప్రోగ్రాము వెళ్ళింది గాని, ఆ ఫైలు వెళ్ళలేదు. అంతే!

ఉంగరాన్ని ప్రోగ్రాములో రాస్తే వెంటనే పనిచేస్తుంది, నిజమే. కాని ఆ ప్రోగ్రామును గిట్‌హబ్ వంటి చోట నలుగురికీ కనపడేట్టు పెడితే? అటువంటి రహస్యాల కోసం రాత్రింబగళ్ళు వెతికే దొంగ ప్రోగ్రాములున్నాయి. దొంగలు మీ పేరున కంప్యూటర్లు అద్దెకు తీసుకుంటారు. బిల్లు మీ ఇంటికి వస్తుంది! తరవాత ఆ వాక్యం కొట్టేసినా లాభంలేదు. పాత ప్రతులలో అది అట్లాగే ఉంటుంది.

మరి అక్కయ్య ఏం చెయ్యాలి? ఆ కంప్యూటరు అమరికలలో, ప్రోగ్రాముకు బయట, రహస్యాన్ని ఉంచాలి. దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. ఆ కంప్యూటరు కూడా అమెజాన్ వారి క్లౌడులోనే ఉంటే ఇంకా మంచి దారి ఉన్నది. దానికి ఒక "రోల్", అంటే ఒక ఉద్యోగం, ఇస్తే చాలు. గడువు తీరకముందే కొత్త ఉంగరాలు వాటంతట అవే వస్తూంటాయి. దాచవలసిన బాధే లేదు.

పెద్దలకొక మాట. మీ పిల్లలు ఇప్పటికే రహస్యాన్ని బయటపెట్టి ఉంటే కోప్పడకండి. తిడతారని భయపడి దాచిపెడితే, ఆ ఆలస్యం దొంగకే లాభం. ముందు పాత ఉంగరాన్ని రద్దుచేయించి, కొత్తది తీసుకోండి. బుద్ధులు తరవాత చెప్పవచ్చు.