లొంగని పురుగు

“పురుగు మందుకు అలవాటుపడింది” అనే మాట పత్తి పండే పల్లెలలో తరచుగా వినిపిస్తుంది. వాడుకలో చెల్లినా, శాస్త్రదృష్టికి ఈ మాట నిలవదు. విషం తగిలిన పురుగు అలవాటుపడేదాకా బతకదు. అయితే లక్షలాది పురుగులలో ఏ కొన్నింటికో ఆ విషాన్ని విరిచివేసే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. తక్కినవి నశించగా అవి మిగిలి, ఆ లక్షణాన్ని సంతతికి అందిస్తాయి. ఏటా అనేక తరాలు గడిచే కీటకజాతికి ఈ మార్పు కోసం యుగాలు అక్కరలేదు. డి.డి.టి. కీటకసంహార గుణాన్ని కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమానం లభించింది. దానికి లొంగని ఈగలు స్వీడన్‌లో 1946లోనే కనిపించాయి!

ఈ సత్యానికి తెలుగు రైతు చెల్లించిన మూల్యం అపారం. 1980వ దశకంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు వరంగా భావించారు. 1987-88లో శనగపచ్చ పురుగు వాటిని లెక్కచేయక చేలను ఊడ్చివేసింది. మోతాదు పెంచారు, రెండు మూడు మందులు కలిపి చల్లారు. పురుగును తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు ముందుగా చచ్చాయి. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పంట పోయి అప్పు మిగిలిన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు.

2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి మొక్కలోనే విషప్రోటీను పుడుతుంది. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాట వంటి పైర్లపైనా బతుకుతుంది. ఆ పైర్లలో విషం తగలని పురుగులు మిగిలి, తట్టుకున్న వాటితో జతకట్టి, ఆ శక్తిని పలుచబరుస్తాయి. గులాబీరంగు కాయతొలుచు పురుగుకు పత్తే దాదాపు ఏకైక ఆహారం. అందువలన అది 2010 నాటికి గుజరాత్‌లో ఒక జన్యువున్న విత్తనాన్నీ, కొన్నేళ్లకే రెండు జన్యువులున్న విత్తనాన్నీ జయించింది.

చేను చుట్టూ ఐదు వరుసలు గాని, ఐదోవంతు విస్తీర్ణం గాని, ఏది ఎక్కువైతే అంత, సాధారణ పత్తి వేయాలన్నది నాటి నిబంధన. విత్తన సంచితో ఇచ్చిన చిన్న పొట్లాన్ని చాలామంది పారవేశారు. వారిని అజ్ఞానులనడం న్యాయం కాదు. రెండెకరాల కౌలుదారు అందులో ఐదోవంతు పురుగుకు వదిలితే కౌలు ఎవరు కడతారు? సాధారణ విత్తనాన్ని సంచిలోనే కలిపి అమ్మే పద్ధతి తరువాత వచ్చింది. అది మొదటి సంవత్సరమే రావలసింది. దీర్ఘకాలిక సంకర రకాలను ప్రోత్సహించినవారికీ ఈ దోషంలో పాలుంది. జనవరి దాటినా పీకకుండా చేలో నిలిపిన పత్తి, గులాబీ పురుగుకు వేసవి దాకా పెట్టిన విందు.