శస్త్రచికిత్స సఫలమైనా... శ్వాసపై నిఘా తప్పదు
మెడ, వెన్నెముక రోగులకు తొలి మూడు రోజులు కీలకం

అనకాపల్లి: తాటిచెట్టుపై నుంచి జారిపడినవారు, 16వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదాల్లో మెడ ఎముక విరిగినవారు, డిస్కులు అరిగి చేతులు తిమ్మిరెక్కుతున్నవారు... వీరిలో పలువురికి శస్త్రచికిత్స అనివార్యమవుతుంది. 2022 ఏప్రిల్‌ 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినా ఇటువంటి రోగులు విశాఖపట్నం ఆసుపత్రుల వైపు చూడటం పరిపాటి. చికిత్స విజయవంతమైందని తెలియగానే బంధువులు ఊరట చెందుతారు. శ్వాసకు ముప్పు మాత్రం ఆ తర్వాతే తలెత్తవచ్చు.

ముప్పు ఎందుకు?

మెడ ముందు భాగం నుంచి చేసే శస్త్రచికిత్సలో శ్వాసనాళాన్ని, అన్నవాహికను పక్కకు జరిపి వెన్నుపూసలను చేరుకుంటారు. ఆ తర్వాత లోపల రక్తం చేరి గడ్డకడితే శ్వాసమార్గం నొక్కుకుపోతుంది. ఇది ఎక్కువగా తొలి 24 గంటల్లో బయటపడుతుంది. గొంతు వాపు రెండు, మూడు రోజులకు తీవ్రమవుతుంది. ఎక్కువ వెన్నుపూసలను సరిచేసినప్పుడు, శస్త్రచికిత్స గంటల తరబడి సాగినప్పుడు ముప్పు అధికం. నడుము భాగంలో చికిత్స జరిగి కదలక మంచంపై ఉన్నవారికి కాలి సిరల్లోని రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరి హఠాత్తుగా ఆయాసం రావచ్చు.

అంకెను నమ్మి ఆగరాదు

కొవిడ్‌ కాలంలో పల్స్‌ ఆక్సీమీటరు ఇంటింటికీ పరిచయమైంది. అయితే శ్వాసమార్గం మూసుకుపోతున్నప్పుడు ఆక్సిజన్‌ శాతం పడిపోవడం ఆలస్యంగా కనిపించే లక్షణం. అంతకుముందే గొంతు మారుతుంది. ఉమ్మి సైతం మింగలేరు. మెడ ఉబ్బుతుంది. వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటారు. గాలి పీల్చేటప్పుడు ఈల వంటి శబ్దం వస్తుంది. స్వల్ప బొంగురు, మింగేటప్పుడు నొప్పి చాలామందికి ఉండేవే. అవి పెరుగుతుంటే మాత్రం ప్రమాద సంకేతం. రోగి ఆందోళనను కేవలం భయమని భావించి నిద్రమందు ఇస్తే పరిస్థితి విషమించవచ్చు. రక్తపు గడ్డ వల్ల ఊపిరి ఆడకుంటే థియేటర్‌కు తరలించేలోగా మంచం వద్దే కుట్లు విప్పాల్సి వస్తుంది. అందుకే రాత్రివేళ వార్డులో శిక్షణ పొందిన నర్సులు, అందుబాటులో వైద్యుడు ఉండటం ప్రాణావసరం.

దూరంతోనే చిక్కు

నర్సీపట్నం వంటి ప్రాంతాల నుంచి విశాఖపట్నం చేరడానికి గంటల సమయం పడుతుంది. తొందరపడి ఇంటికి వెళితే ఆ ప్రయాణమే ప్రాణాంతకం కావచ్చు. ఏ లక్షణాలు కనిపిస్తే తిరిగి రావాలో, రాత్రివేళ ఎవరికి ఫోన్‌ చేయాలో డిశ్చార్జికి ముందే వైద్యులను అడిగి తెలుసుకోవాలి. శ్వాస ఇబ్బంది మొదలైతే తెల్లవారేదాకా వేచి చూడక వెంటనే 108కు ఫోన్‌ చేయాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో ఖరీదైన శస్త్రచికిత్సలు పేదల చెంతకు వచ్చాయి. ఆ తర్వాతి పర్యవేక్షణ కూడా అంతే పటిష్ఠంగా ఉన్నప్పుడే ఆ ఫలితం నిలుస్తుంది.