హెచ్.పి. పిచ్చి

మనవాళ్ళకో జబ్బుంది. సర్వర్ నత్తనడక నడిస్తే క్వెరీ ఎలా ఏడ్చిందో చూడరు, ర్యామ్ పెంచమంటారు. ఆఫీసులో అయితే పోయేది క్లయింటు డబ్బు. అదే జబ్బుని నేను అనంతపురం జిల్లాలో మా చిన్నాయన బోరుకి కూడా అంటించాను. అందుకే ఈ గోల.

కళ్యాణదుర్గం దగ్గర ఊరు మాది. బోరు నీళ్ళు సన్నబడ్డాయని చిన్నాయన ఫోన్ చేశాడు. నేను బెంగుళూరులో కూర్చుని "ఐదు హెచ్.పి. పీకేసి పది వేయించు చిన్నాయనా, డబ్బులు నేను పంపుతా" అన్నాను. మోటర్లు అమ్మే అతనూ అదే మాటన్నాడట. అనడూ మరి! మూడు నెలల్లో రెండుసార్లు వైండింగ్ కాలింది. పైపులు లాగడానికీ దించడానికీ కూలి వేరే. సరిగ్గా చెనిక్కాయ ఊడలు దిగే సమయంలో పదిరోజులు తడి లేదు.

ఇంజినీరింగ్ డిగ్రీ ఉండీ నేను వెయ్యని లెక్క ఇదీ. సెకనుకి లీటరు నీళ్ళు వంద మీటర్లు ఎత్తాలంటే 981 వాట్లు, అంటే 1.3 హెచ్.పి. మా బోరు ఊరేది సెకనుకి లీటరు. మోటరు ఆడేటప్పుడు నీటిమట్టం 150 మీటర్ల దగ్గర (మన భాషలో 500 అడుగులు) నిలుస్తుంది. పైపుల్లో రాపిడికి ఇంకో పది కలుపుకుంటే 160. కావలసింది 2.1 హెచ్.పి. పంపు సామర్థ్యం సగమే అనుకున్నా 4.2. అంటే పాత ఐదే చాలు! పది పెడితే రెండు లీటర్ల పైన తోడేస్తుంది. బండ పగుళ్ళలోంచి వచ్చేది మాత్రం లీటరే. కాసేపటికి మట్టం పంపుదాకా దిగిపోతుంది. సబ్‌మెర్సిబుల్ మోటరుని చల్లార్చేది చుట్టూ పారే నీళ్ళేనాయె. అవి లేకపోతే కాలక ఏం చేస్తుంది?

మరి మొదట్లో నీళ్ళెందుకు సన్నబడ్డాయి? మట్టం లోతుకి పోయింది కాబట్టి. పాత పంపు అంత ఎత్తుకి తోసేందుకు చేసింది కాదు. మార్చాల్సింది హెచ్.పి. కాదు, స్టేజీలు. అదే ఐదు హెచ్.పి.లో ఎక్కువ స్టేజీలతో, తక్కువ నీళ్ళని ఎక్కువ ఎత్తుకి తోసే పంపు కావాలి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేరు దించమా? కొండల మీది సరస్సుల్లో గాలి పలచనై ఇంజను బలం తగ్గితే, మోటరుపడవల వాళ్ళు పిచ్ తక్కువున్న ప్రొపెల్లర్ బిగిస్తారు. ఇదీ అంతే. పంపు నేమ్‌ప్లేటు మీద హెడ్ ఎంత నుంచి ఎంత అని రాసే ఉంటుంది. మనం చదివేది హెచ్.పి. ఒక్కటే.

"అంతా ఫ్రీ కరెంటు వల్ల" అని మా ఆఫీసు ఆర్థికవేత్తలు తీర్పిచ్చేస్తారు. 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక బిల్లు చూసి తప్పు తెలుసుకునే దారి మూసుకుపోయిన మాట నిజమే. కానీ రీవైండింగ్ ఫ్రీ కాదు, ఎండిన పంట ఫ్రీ కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మీద రైతు నీళ్ళు దుబారా చేస్తున్నాడని ఏసీలో కూర్చుని అనడానికి సిగ్గుండాలి. అతని బోరు కొలిచిపెట్టిన వాడెవడు? పైగా ఇది ఒక్కడి గొడవ కాదు. ఐదు హెచ్.పి. మోటరు దాదాపు ఆరున్నర కేవీఏ లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అలాంటివి నాలుగుంటే సరి. అందులో ఒకడి కొడుకు సాఫ్ట్‌వేరై పది వేయించాడంటే మిగతా ముగ్గురికీ వోల్టేజి పడిపోతుంది, వాళ్ళ మోటర్లూ వేడెక్కుతాయి. అప్పుడు వాళ్ళూ పది కావాలంటారు. ఊరికి డబ్బు పంపే ఘనులారా, ఈ పోటీకి పెట్టుబడి మనదే.

పోయిన నెల వెళ్ళి రెండు తీగల వైరుకి మల్టీమీటర్ కట్టి బోరులోకి వదిలాను. నీళ్ళు తగలగానే ముల్లు కదిలింది. ఇరవై లీటర్ల బకెట్టు నిండడానికి ఎంతసేపో ఫోన్‌లో చూశాను. ఇద్దరికీ కలిపి ఒక పూట పని. ఇప్పుడు ఎక్కువ స్టేజీల ఐదు హెచ్.పి. పంపు నడుస్తోంది, ధార సన్నమే గానీ తెగడం లేదు. "ఇదేదో అప్పుడే రాకపోతివి నాయనా" అన్నాడు చిన్నాయన.

నేను కొనిచ్చిన పది హెచ్.పి. కొట్టంలో ఉంది. దానికి మేకపిల్లని కట్టేస్తున్నాడు.