జానెడు దూరం

"ఆంటీ, ఇంకొంచెం వంగండి, వచ్చేస్తోంది" అంది ఆ అమ్మాయి. అంటూనే నా వీపు మీద రెండు చేతులూ ఆన్చి మెల్లగా నొక్కింది. మా అపార్ట్‌మెంట్ డాబా మీద యోగా క్లాసు మొదలై అప్పటికి పదిరోజులు. చేస్తున్నది పశ్చిమోత్తానాసనం. అంటే కాళ్ళు బారజాపి కూర్చుని ముందుకి వంగి బొటనవేళ్ళు పట్టుకోవడం. నా వేళ్ళకీ బొటనవేళ్ళకీ మధ్య ఇంకా జానెడు దూరం ఉంది. పక్క చాప మీద ఎదురింటి వదినగారు, నాకన్నా ఆరేళ్ళు పెద్దావిడ, తల మోకాళ్ళకి ఆనించేసి హాయిగా ఉన్నారు. నేనూరుకుంటానా! ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు ఊగాను. వేళ్ళు అందాయి. అదే క్షణంలో ఎడమ పిరుదు కింద, ఎముక దగ్గర, ఏదో దారం తెగినట్టు టప్‌మంది. చుట్టూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను కూడా.

ఆ నవ్వు ఖరీదు ఏడు నెలలు. నడిస్తే పర్వాలేదు, పడుకుంటే పర్వాలేదు, కూర్చుంటేనే నరకం. బస్సులో అమ్మావాళ్ళ ఊరు వెళ్తూ సగం దూరం నిలబడే వెళ్ళాను. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంటే, పీట మీద మా ఆయన పక్కన ఒక పిరుదు మీద ఒరిగి కూర్చుని, కథ ఎప్పుడవుతుందా అని లెక్కపెట్టుకున్నాను. పాపం కాకపోతే ఏమిటి చెప్పండి!

ఇందులో నా తెలివితేటలు కూడా ఉన్నాయి. పట్టేసింది కాబోలనుకుని రోజూ పొద్దున్నే ఇంకా గట్టిగా వంగి సాగదీసేదాన్ని. చివరికి ఫిజియోథెరపీకి వెళ్తే ఆవిడ అసలు సంగతి చెప్పారు. తొడ వెనక కండరాలు పైకి వెళ్ళి, మనం కూర్చునే ఎముకకి అతుక్కునే చోట దెబ్బతిందట. యోగా చేసేవాళ్ళకీ, పరుగెత్తేవాళ్ళకీ ఇది వస్తూనే ఉంటుందట. దాన్ని సాగదీసేకొద్దీ మొండికేస్తుంది. ముందు వంగడం మానిపించారు. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుము ఎత్తే సేతుబంధాసనం కొద్దికొద్దిగా చేయించారు. సాగడం కాదు, బలం రావాలన్నమాట. మీకెవరికైనా సరిగ్గా ఆ చోటే నొప్పి ఉంటే, దయచేసి నాలాగా సొంత వైద్యం చెయ్యకండి.

అప్పుడు తెలిసింది, నేను పదిరోజులూ వంగింది తప్పు చోట నుంచి అని. ముందుకి వంగే ఆసనం ఏదైనా తుంటి కీలు దగ్గర మడవాలి. నడుము దగ్గర కాదు. తేడా తెలియాలంటే కాళ్ళు జాపి కూర్చుని, ఒక చెయ్యి వీపు చివర, ముడ్డిపూస పైన పెట్టుకుని వంగి చూడండి. చేతికింద ఆ ఎముక కూడా ముందుకి వాలుతోందా? లేక అది వెనక్కి కూలబడిపోయి పైన వీపు మాత్రం గూనిలా వంగుతోందా? నాది రెండోది. తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటే అవి ఆ ఎముకని కదలనివ్వవు. ఇక వంగాల్సిన భారమంతా నడుము మీద పడుతుంది. దానికి మందు ఇంకా గట్టిగా లాగడం కాదు. ఒక రగ్గు నాలుగువేళ్ళ ఎత్తుకి మడిచి పిరుదుల కింద పెట్టుకోవడం, మోకాళ్ళు కాస్త మడవడం, పాత చున్నీ అరికాళ్ళకి వేసి రెండు కొసలూ పట్టుకోవడం. అంతే, వీపు నిటారుగా వస్తుంది. వేళ్ళు అందాయా లేదా అన్నది లెక్కలోకే రాదు.

అన్నట్టు, మా అమ్మమ్మ భోజనానికి పీట వేసుకునేదీ ఇందుకే కాబోలు. పిరుదులు కాస్త ఎత్తులో ఉంటే మఠం వేసుకున్నా వీపు కూలబడదు. అలాగని పాతకాలం వాళ్ళంతా ఉక్కు ముక్కలు అని నేననను. అమ్మమ్మ మోకాళ్ళు కూడా అరవై దాటగానే మొరాయించాయి.

తాడాసనం అయితే మా క్లాసులో అర నిమిషంలో దాటించేశారు. నిలబడడమేగా, అందులో నేర్చుకునేదేముంది అని నేనూ అనుకున్నాను. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడు చోట్లా బరువు సమానంగా ఉండాలి. మోకాళ్ళు వెనక్కి తోసెయ్యకూడదు. ఇలా నిలబడి చూస్తే నా ఎడమకాలు దాదాపు ఖాళీగా ఉంది! పొయ్యి ముందు ఇరవై ఏళ్ళుగా కుడికాలి మీదే బరువంతా వేసి నిలబడుతున్నాను. పిల్లలిద్దర్నీ ఎత్తుకున్నదీ కుడిచంకనే. అనుమానమొచ్చి చెప్పులు తిరగేసి చూశాను. కుడిచెప్పు మడమ బయటివైపు అరిగి పల్చబడిపోయింది. మీరూ ఓసారి తిరగేసి చూడండి. ఇప్పుడు పప్పు పోపు వేసేటప్పుడే నా తాడాసనం అయిపోతోంది.

మిగతావాటి సంగతి క్లుప్తంగా చెప్తాను. వృక్షాసనంలో అరికాలు మోకాలి మీద ఆనించకూడదు, తొడ మీదో పిక్క మీదో పెట్టాలి. భుజంగాసనంలో చేతులతో నేలని తోసి లేవడం కాదు, వీపు బలంతో లేవాలి. భుజాలు చెవుల దగ్గరికి వచ్చేశాయంటే చేతులే పని చేస్తున్నాయని అర్థం.

ఇదంతా మా స్నేహితురాలికి చెప్తే కోప్పడింది. "ఆడవాళ్ళు ఇంట్లోంచి కదిలి ఒక గంట తమకోసం కేటాయించడమే గొప్ప. ఇలా భయపెడితే ఆ కాస్తా మానేస్తారు" అని. నిజమే. ఏటా జూన్ 21న ఫొటోల కోసమైనా చాపలు బయటికి వస్తున్నాయి, సంతోషమే. కానీ సరిగ్గా చెయ్యమంటే గోడమీది పటంలో బొమ్మలా చెయ్యమని కాదు కదా! తుంటి కీలు గుంత లోతు, అది తిరిగిన వైపు అందరికీ ఒకేలా ఉండవు. వదినగారికి సులువుగా వచ్చిన భంగిమ నాకు జన్మలో రాకపోవచ్చు. పతంజలి కూడా ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలనే అన్నాడు. బొటనవేళ్ళ ప్రస్తావన తేలేదు.

బి.కె.ఎస్. అయ్యంగార్ గారి 'లైట్ ఆన్ యోగా' 1966లో వచ్చింది. అందులో ఆయన ఫొటోలు చూస్తే మనిషికి ఎముకలున్నాయా అని అనుమానం వస్తుంది. అంతటాయనే బెల్టులు, చెక్క ఇటుకలు, కుర్చీలు, గోడకి కట్టిన తాళ్ళు ఆసనాల్లోకి తెచ్చారు, మామూలు ఒళ్ళున్నవాళ్ళు కూడా చెయ్యగలగాలని. మనకేమో రగ్గు మడిచి వేసుకోవడం నామోషీ!

నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు. నలభైమందిని ఒక్కతే చూసుకోవాలి, తను నేర్చుకున్నదీ అలాగే అయ్యుంటుంది. కానీ ఎవరి వీపు మీదైనా చెయ్యి వేసేముందు అడగాలి. మనకీ "వద్దమ్మా, నాకు ఇక్కడికే చాలు" అనడం రావాలి. ఆ మాటే నాకు రాలేదు. అత్తగారింట్లో సర్దుకున్నాం, పిల్లల పరీక్షలకి సర్దుకున్నాం, జ్వరంతో కూడా వంటకి సర్దుకున్నాం. ఒంట్లో నొప్పి "ఇక ఆపు" అంటే కూడా "కాస్త సర్దుకో" అని దాన్నే కసిరే అలవాటు పడిపోయింది. ఒళ్ళు బాగుండాలని మొదలుపెట్టిన యోగాలో కూడా అదే చేశాను.

ఇప్పుడు మళ్ళీ క్లాసుకి వెళ్తున్నాను. ఆఖరి వరసలో, రగ్గూ చున్నీ పట్టుకుని. ఆ జానెడు దూరం అలాగే ఉంది. మొన్న వదినగారు నా పక్కకి చాప జరుపుకుని, చెవి దగ్గరకొచ్చి మెల్లగా అన్నారు: "నాకూ నడుం పట్టేస్తోందమ్మా, ఎవరికీ చెప్పలేదు. ఇంకో చున్నీ ఉందా?"