పసరు, గోలీలు, నా ఎడమ కాలు

పోయిన వానాకాలం మిరప చేలో పార జారి నా ఎడమ మోకాలి కింద తెగింది. ఏడూళ్ల బయ్యారం క్రాస్‌రోడ్డులో మందుల షాపుకెళ్లి, చీటీ లేకుండానే అయిదు రోజుల గోలీలు తెచ్చుకున్నాను. రెండు రోజులు మింగి, నొప్పి తగ్గిందని తక్కినవి గూట్లో పెట్టాను. పినపాక, కరకగూడెం గూడేలు తిరిగి కుష్ఠు రోగులకు ఇరవై ఏడేళ్లు "మధ్యలో మానొద్దు" అని చెప్పిన ఉద్యోగి నిర్వాకం ఇది.

చీము పట్టాక మా ఊరి కోయ తాత దగ్గరికి పోయాను. రెండు రకాల ఆకులు నలిపి పసరు పిండాడు. ఒకటి గాయపాకని పోల్చుకున్నాను. రెండోదేమిటని అడిగితే, "పేరు చెప్తే మందు పారదు సారూ" అన్నాడు. మంట చల్లారింది గానీ చీము ఆగలేదు. చివరికి ఖమ్మం ఆసుపత్రిలో చీము పరీక్ష చేయిస్తే, కాగితం మీద పన్నెండు మందుల్లో ఎనిమిదింటి ఎదురుగా 'ఆర్' అని పడింది. వాటికి ఆ సూక్ష్మజీవి లొంగదని అర్థం.

ఫలానా ఆకు రసం మొండి బ్యాక్టీరియాను చంపేసిందన్న వార్త చదివినప్పుడల్లా కాలి మీది మచ్చ తడుముకుంటాను. గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను పెంచి, రసంలో ముంచిన కాగితం బిళ్ల పెడితే చుట్టూ ఖాళీ సున్నా ఏర్పడుతుంది. అబద్ధం కాదు. ఆ మాటకొస్తే బ్లీచింగ్ నీళ్లకూ సున్నా వస్తుంది. మంచి యాంటీబయాటిక్ మైక్రోగ్రాముల్లో చేసే పనికి ముడి రసం చాలాసార్లు మిల్లీగ్రాముల్లో కావాలి. అంత మోతాదు రక్తంలోకి ఎక్కాలంటే ఎంత తాగాలి, కాలేయం ఊరుకుంటుందా? వార్తలో ఆ ముక్క ఉండదు.

అలాగని పసరును ఎగతాళి చేసేవాళ్లతోనూ నాకు పేచీయే. డాక్టర్లూ ఒకప్పుడు చెట్టు మందునే నమ్ముకున్నారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. అప్పట్లో ఆ జబ్బుకు ఉన్న మందల్లా చాల్‌మూగ్రా జాతి అడవి చెట్ల గింజల నూనె. సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి, గుణం అంతంతమాత్రం. 1940ల్లో డాప్సోన్ వచ్చాక నూనె మూలపడింది. 1964 నాటికి డాప్సోన్‌కూ లొంగని బ్యాక్టీరియా ఉందని తేలింది. అందుకే ఒక్క మందు చాలదని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులు కలిపి ఇమ్మంది. ఆ మందుల ఇరవై ఎనిమిది రోజుల అట్టలే నేను గూడేలకు మోసింది. మొదటి మోతాదు మా ఎదుటే మింగించేవాళ్లం. ఉచ్చ ఎర్రగా వస్తోందని భయపడి అట్టలు చూరులో దాచినవాళ్లూ ఉన్నారు. వెతికి తీసి మళ్లీ చేతికిచ్చేవాణ్ని.

మందులు కలిపి వాడటం మొక్కలకూ తెలుసు. బెర్బెరిస్ జాతి మొక్కల్లో బెర్బెరిన్ అనే పసుప్పచ్చటి పదార్థం ఉంటుంది. అది లోపలికి రాగానే బ్యాక్టీరియా పంపుతో తోడినట్టు బయటికి నెట్టేస్తుంది. ఆ పంపును అడ్డుకునే రెండో పదార్థాన్నీ అదే మొక్క తయారుచేసుకుంటుందని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. తాత రెండాకులు కలపడంలో అలాంటి కిటుకేదైనా ఉందేమో! పరీక్షిస్తే తప్ప తేలదు.

పరీక్షకు ఆకు కావాలి, ఆకుకు తాత నోరు విప్పాలి. ఎందుకు విప్పాలి? పుండు మీద పసుపు పెట్టడానికి కూడా 1995లో అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పోట్లాడితే 1997లో రద్దయింది. తాత తరఫున పోట్లాడేదెవరు? గ్రామసభ ఒప్పుకోలుతో, చెప్పినవాళ్ల పేరూ వాటా ముందే కాగితం మీద పెట్టి, భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఈ పరీక్షల పని చేపట్టాలి. మోతాదు, విషగుణం తేలేదాకా చీము పట్టిన పుండుకు పసరొక్కటే చాలని ఎవరూ చెప్పకూడదు, తాతతో సహా.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి తాత చూడటానికొచ్చాడు. కట్టు వైపు చూడలేదు. గూట్లోంచి గోలీల అట్ట తీసి, వేలితో ఒక్కొక్కటే తడిమి అడిగాడు:

"ఇంకెన్ని మిగిలినయ్ సారూ?"