మన ఓపిక ఎవరి ఖాతాలోకి?

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒక ఉపదేశం తప్పకుండా వినిపిస్తోంది. టైము అందరికీ 24 గంటలే, దాన్ని పెంచలేం, పెంచుకోగలిగింది ఎనర్జీ ఒక్కటేనట. కాబట్టి పొద్దున్నే 5కి లేవాలి, ప్రాణాయామం చెయ్యాలి, మధ్యాహ్నం తర్వాత కాఫీ మానాలి, గంటన్నరకోసారి లేచి నడవాలి, నిద్రకు స్మార్ట్ వాచ్ ఎన్ని మార్కులు వేసిందో చూసుకోవాలి. ఇన్ని చేసినా నీరసంగా ఉందంటే లోపం మనలోనే ఉన్నట్టు. పుట్టినరోజు పార్టీలో ప్లేటు పట్టుకుని నిలబడ్డ స్నేహితుడి దగ్గర్నుంచి కంపెనీ పిలిపించిన వెల్‌నెస్ కోచ్ దాకా అందరిదీ ఇదే పాట.

సలహాలుగా వీటిలో తప్పేమీ లేదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతోంది. నా పేచీ అంతా వీటి వెనకున్న లెక్కతోనే. అలసట ఎవరి సొంత వ్యవహారం వాళ్లదనీ, దాన్ని ఎవరికి వారే చక్కబెట్టుకోవాలనీ ఆ లెక్క చెబుతుంది. మన ఇళ్లలో అలసట అలా పుట్టడం లేదు.

ఈ వాదానికి ఊపు తెచ్చిన వ్యాసం 2007 అక్టోబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చింది. టోనీ ష్వార్ట్జ్, క్యాథరిన్ మెకార్తీ రాశారు. వాళ్లు చూపిన ముఖ్యమైన రుజువు దక్షిణ న్యూజెర్సీలోని వకోవియా బ్యాంకుది. అక్కడ 12 శాఖల్లో 106 మంది ఉద్యోగులకు నిద్ర, తిండి, వ్యాయామం, విరామాల మీద శిక్షణ ఇచ్చారు. ఫలితాన్ని దేనితో కొలిచారో తెలుసా? వాళ్లు తెచ్చిన అప్పుల వ్యాపారంతో, డిపాజిట్లతో. శిక్షణ లేనివాళ్లకంటే వీళ్లు ఎక్కువ తెచ్చారు కాబట్టి పథకం నెగ్గిందన్నారు. తమకూ మేలు జరిగిందని ఉద్యోగులు చాలామంది చెప్పారు, దాన్ని కాదనను. కానీ కూడబెట్టిన ఓపిక ఎటు పోయిందో చూడండి, తిరిగి బ్యాంకు కౌంటరుకే. మరుసటి ఏడాది సంక్షోభంలో ఆ బ్యాంకు కుదేలై వెల్స్ ఫార్గో చేతికి పోయింది. పైవాళ్ల నిర్ణయాల ముందు కిందివాళ్ల మంచి నిద్ర ఎంతకని ఆగుతుంది?

అదే న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఒక ఇంటికి వద్దాం. వేసవి రాత్రి 9:30. ఆ ఇంటావిడ లాప్‌టాప్ వంటింటి గట్టు మీద ఉంది. కెమెరా ఆఫ్, మ్యూట్ ఆన్. ఒక చెవిలో హైదరాబాద్ టీమ్ చెప్పే స్టేటస్, చేతుల్లో రేపటి లంచ్ బాక్సుల పులిహోర. పేరు పిలవగానే చెయ్యి తుడుచుకుని అన్‌మ్యూట్ నొక్కుతుంది. అవతల హైదరాబాద్‌లో అప్పుడు పొద్దున 7, అక్కడి అమ్మాయి కూడా పిల్లల స్కూలు వ్యాను వచ్చే వేళకే కాల్‌లో కూర్చుంది. నవంబరులో ఇక్కడి గడియారం గంట వెనక్కి పోతుంది, అక్కడిది పోదు. అప్పుడు ఆ గంట భారం ఎవరి మీద పడాలో ఈ ఇద్దరినీ ఎవరూ అడగరు.

కోచ్ చూస్తే రాత్రి 9 తర్వాత స్క్రీన్ ముట్టుకోవద్దంటాడు. ఎనర్జీని పీల్చేసే పనులకు నో చెప్పమంటాడు. ఎవరికి చెప్పాలి? హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. ఈలోగా మరో కంపెనీ దొరకాలి, లేదా ఇల్లూ పిల్లల చదువూ వదిలి సర్దుకోవాలి. ఉద్యోగాల కోటాలో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్ల గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి కదలదు. ఇంత భయం కింద ఉన్న మనిషికి నో అనడం నేర్పే వర్క్‌షాపు పెట్టడం వేళాకోళం.

పైగా ఆ రాత్రి కాల్ కంపెనీకి ఉచితం. 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. జీతం మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామందిని ఆ చట్టం నుంచి మినహాయించారు. ఊరికే దొరికేదాన్ని ఎవరు పొదుపుగా వాడతారు?

సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లూ అలసిపోతున్నారు కదా అంటారేమో. నిజమే. వాళ్ల సంగతి తెలియాలంటే ఇంట్లోకి తొంగిచూడాలి. అయ్యగారు 5కి లేచి జిమ్‌కి వెళ్లొచ్చేసరికి పిల్లల డబ్బాలు సర్ది ఉంటాయి. శని, ఆదివారాల్లో మనబడి, కూచిపూడి, కుమాన్, ఎవరింట్లోనో పూజ. ఏ పిల్ల ఎక్కడికి ఎన్నింటికో గుర్తుంచుకునేది ఒక్క బుర్రే. ఆయన ఎనర్జీ మేనేజ్‌మెంట్‌కు అసలు మేనేజర్ ఆవిడ. తన ఓపికను ఇంకొకరి మీద ఖర్చు రాసి, ఇది నా క్రమశిక్షణ అని చెప్పుకోవడం మన మగవాళ్లకు బాగా అలవాటైపోయింది.

పురుళ్ల సంగతి మరీ స్పష్టం. 1993 చట్టం అర్హులైనవాళ్లకు 12 వారాల సెలవిస్తుంది, అదీ జీతం లేకుండా. ప్రైవేటు ఉద్యోగులందరికీ జీతంతో ప్రసూతి సెలవిచ్చే ఫెడరల్ చట్టం లేదు. అందుకే అమ్మలూ అత్తగార్లూ విజిటర్ వీసా మీద ఆరేసి నెలలు వచ్చి వండిపెట్టి, స్నానాలు పోసి వెళ్తున్నారు. అమెరికా చట్టంలోని చిల్లును గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మ మోకాళ్లు పూడుస్తున్నాయి. ఆమె ఎనర్జీ గురించి ఏ కోచ్ పుస్తకమూ మాట్లాడదు.

దీర్ఘశ్వాస తీసుకుంటే పని గంటలు తగ్గవు. 1886 మే నెలలో షికాగో కార్మికులు 8 గంటల పనిదినం కోసం సమ్మెకు దిగారు. అలాంటి పోరాటాలు అర్ధ శతాబ్దం నడిచాక గానీ 1938 చట్టం రాలేదు. పని వేళ దాటాక ఫోన్ ఎత్తనక్కర్లేదనే హక్కు ఫ్రాన్స్‌లో 2017లో, ఆస్ట్రేలియాలో 2024లో అమల్లోకి వచ్చింది. కాలిఫోర్నియాలో 2024లో అలాంటి బిల్లే పెట్టారు, అది ముందుకు కదల్లేదు. ఓటు హక్కున్న తెలుగువాళ్లు ఇక్కడ తక్కువేమీ లేరు. సభలకు రాజకీయ నాయకులను పిలిచి శాలువాలు కప్పే మన సంఘాలు ఆ వేదిక మీద ఈ మాట ఎందుకు అడగవు?

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. కాల్ వేళను ఒక నెల ఇటు, ఒక నెల అటు సర్దవచ్చు. రాత్రి కాల్ ఉన్న రోజు మర్నాడు రెండు గంటలు ఆలస్యంగా రమ్మనవచ్చు. ఇంట్లో 5కి లేచేవాడు జిమ్ కంటే ముందు వంటింట్లోకి వెళ్లవచ్చు. ఆ రాత్రి కాల్ పెట్టే మేనేజరు చాలా చోట్ల మనవాడే, ఒకప్పుడు అదే కాల్‌లో నిద్ర ఆపుకున్నవాడే. ఆయనకే చెబుతున్నాను. మీ టీమ్‌కు మెడిటేషన్ యాప్ కొనివ్వకండి. ఆ 9:30 కాల్ తీసెయ్యండి.